విలుకాడి చేతులు చూస్తూ చదవడం

మధ్యయుగాల యుద్ధ నవల మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఇంచుమించు ఒకే చోట ఆగిపోతారు. వంద పేజీలు దాటినా యుద్ధం జాడ ఉండదు. ఒకడు వింటికర్రకు మైనం పూస్తుంటాడు, ఇంకొకడు బాణాలకు ఈకలు సరిచేస్తుంటాడు, సైన్యమంతా ఓ రేవులో ఓడల కోసం పడిగాపులు కాస్తుంటుంది. ఆ తర్వాత వానలో నడక, చాలీచాలని తిండి, రక్త విరేచనాలు. ఓపిక నశించి, ఈ పేజీలన్నీ గబగబా తిప్పేసి, యుద్ధం ఉన్న అధ్యాయం దగ్గర దిగుతారు. అక్కడ వందలమంది చస్తుంటారు, ఎవరు ఎవరో తెలియదు, ఎవరు చస్తే మనకేమిటో అంతకన్నా తెలియదు. పుస్తకం మూసేసి ఈ రకం నవలలు మన ఒంటికి పడవనుకుంటారు. ఈ అధ్యాయంలో నేను వాదించబోయేది ఒక్క విషయం: దాటేసిన ఆ పేజీల్లోనే అసలు నవల ఉంది. విలుకాడి నవలను పని గురించిన నవలగా, అంటే ఒక చేతిపనివాడు ఎలా తయారవుతాడు, అతని పనిముట్టు ఎక్కడి నుంచి వస్తుంది, అతనికి ఎవరు కూలి ఇస్తారు అన్న కథగా చదవడం అలవాటైతే, యుద్ధం దానంతటదే అర్థమవుతుంది. చదివే ఆనందమూ నిలుస్తుంది.

వాదనకు ఒక గట్టి ఉదాహరణ కావాలి కాబట్టి, ఇంగ్లిష్ విలుకాళ్ల నవలలన్నీ చుట్టూ తిరిగే అజిన్‌కోర్ట్ యుద్ధాన్నే తీసుకుందాం. అది 1415 అక్టోబరు 25న ఫ్రాన్స్ ఉత్తరాన రెండు అడవుల మధ్య, కొత్తగా దున్ని గోధుమ చల్లిన పొలంలో జరిగింది. ఇంగ్లండు రాజు ఐదో హెన్రీ ఆగస్టులో ఫ్రాన్స్ తీరంలో దిగాడు. హార్‌ఫ్లర్ పట్టణాన్ని ముట్టడించి సెప్టెంబరు 22న లొంగదీసుకున్నాడు. అప్పటికే అతని సైన్యంలో చాలామంది విరేచనాలతో చచ్చిపోయారు, ఇంకా చాలామందిని ఓడలెక్కించి వెనక్కి పంపేశారు. మిగిలినవాళ్లు ఎనిమిది రోజుల తిండి వెంట పెట్టుకుని కలే రేవు వైపు బయల్దేరారు. సోమ్ నది రేవుల దగ్గర ఫ్రెంచివాళ్లు కాపు కాయడంతో నది వెంబడే పైకి పైకి నడిచి, అక్టోబరు 19న గాని దాటలేకపోయారు. యుద్ధం నాటికి బయల్దేరి రెండు వారాలు దాటింది. అసలు పోరు కొన్ని గంటల్లో తేలిపోయింది. నవల ఐదువందల పేజీలుంటే, ఆ కొన్ని గంటలకు రచయిత ఎన్ని పేజీలివ్వగలడు? వంద ఇచ్చినా మిగతా నాలుగువందల పేజీల్లో ఉండేది తయారీ, నడక, ఆకలి, ఎదురుచూపు. వాటిని దాటేసేవాడు చదివేది నవలలో ఐదో వంతు.

ముందుగా విల్లునే దగ్గరగా చూడండి. ఇంగ్లిష్ విల్లు చూడ్డానికి నిలువెత్తు కర్రముక్క, అంతే. కానీ అది యూ అనే చెట్టు మొద్దును ప్రత్యేకంగా చీల్చి తీసిన ముక్క. అందులో రెండు రకాల చెక్క కలిసే ఉంటుంది: బెరడు కింది తెల్లటి లేతచెక్క, లోపలి ఎర్రటి చేవ. విల్లు వంచినప్పుడు బయటి వైపు సాగాలి, లోపలి వైపు నొక్కుకుపోవాలి. లేతచెక్క సాగుడుకు తట్టుకుంటుంది, చేవ నొక్కుడుకు తట్టుకుంటుంది. అందుకే లేతచెక్క శత్రువు వైపు, చేవ విలుకాడి వైపు ఉండేలా చెక్కుతారు. పనివాడు ఆ తెల్లపొరను ఒకచోట ఎక్కువగా గీకేశాడంటే విల్లు అక్కడే విరుగుతుంది. ఇంగ్లండులో పెరిగే యూ అంత మేలు రకం కాదు. మంచి కర్ర స్పెయిన్, ఇటలీ, ఆల్ప్స్ కొండల నుంచి ఓడల్లో రావాలి. కొరత ఎంతగా ఉండేదంటే, 1472లో ఇంగ్లండు పార్లమెంటు ఆ దేశాల నుంచి వచ్చే వర్తకులు సరుకు టన్నుకు నాలుగు వింటికర్రల చొప్పున తెచ్చి తీరాలని చట్టం చేసింది. ఇది తెలిసినవాడికి నవలలో విలుకాడు తన విల్లును గుడ్డలో చుట్టి, వాన తగలకుండా పక్కలో పెట్టుకుని పడుకునే వాక్యం ఊరికే వర్ణనలా కనిపించదు.

ఇక ఆ విల్లు లాగే ఒళ్లు. ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక మేరీ రోజ్ 1545లో పోర్ట్స్‌మత్ ఎదుట మునిగిపోయింది. దాని అడుగుభాగాన్ని 1982లో పైకి తీశారు. అందులో దొరికిన విళ్లు 170కి పైనే, బాణాలు వేలల్లో. మధ్యయుగపు ఇంగ్లిష్ విల్లు గురించి అంతకుముందు ఊహించినవన్నీ అవి బయటపడ్డాక తిరగరాసుకోవాల్సి వచ్చింది. ఆ విళ్లను పూర్తిగా లాగాలంటే సుమారు 45 నుంచి 80 కిలోల బలం కావాలని నిపుణులు లెక్కగట్టారు. ఇప్పటి ఒలింపిక్ పోటీల్లో వాడే విల్లుకు ఇరవై కిలోలకు అటూ ఇటూ చాలు. 25 కిలోల బియ్యం బస్తాలు రెండు మీ కుడిచేతి వేళ్లకు వేలాడుతున్నాయనుకోండి. వాటిని చెవి దాకా లాగి, గురి చూసి వదిలి, వెంటనే మళ్లీ లాగాలి. చేతి కండ ఒక్కటే ఆ పని చేయలేదు. బిషప్ హ్యూ లాటిమర్ 1549లో ఆరో ఎడ్వర్డ్ రాజు ఎదుట ప్రసంగిస్తూ తన చిన్ననాటి శిక్షణను తలచుకున్నాడు. తండ్రి తన వయసుకూ బలానికీ తగ్గట్టు విల్లు కొనిచ్చేవాడనీ, వయసు పెరిగేకొద్దీ పెద్ద విల్లు ఇచ్చేవాడనీ, చేతులతో కాకుండా ఒళ్లంతా విల్లులోకి మోపి లాగడం నేర్పాడనీ చెప్పాడు. మేరీ రోజ్‌లో దొరికిన అస్థిపంజరాల్లో కొన్నింటికి భుజం ఎముక కొస, యవ్వనంలో అతుక్కోవాల్సినది, అతుక్కోకుండా విడిగానే ఉండిపోయింది. చిన్నతనం నుంచీ బరువైన విల్లు లాగినందువల్లే అలా జరిగి ఉంటుందని పరిశోధకుల అభిప్రాయం. పేర్లు తెలియని ఆ మనుషుల ఎముకల్లో వాళ్లు చేసిన పని రాసి ఉంది.

కాబట్టి విలుకాణ్ణి రాజు ఒక్క ఆజ్ఞతో పుట్టించలేడు. మూడో ఎడ్వర్డ్ 1363లో పండుగ రోజుల్లో మగవాళ్లంతా విలువిద్య సాధన చేయాలనీ, ఫుట్‌బాల్ లాంటి ఆటలు మానాలనీ ప్రకటించాడు. ఊరి మైదానంలో ఏళ్ల తరబడి పిల్లలు లాగి లాగి పెరిగితేనే ఐదువేల మంది విలుకాళ్లు తయారవుతారు. ఈ సంగతి ఇంగ్లండుకే పరిమితం కాదు. 15వ శతాబ్దంలో విజయనగరాన్ని ఏలిన రెండో దేవరాయలు, బహమనీల చేతిలో తన సైన్యం ఎందుకు దెబ్బతింటోందని కొలువులో అడిగితే, వాళ్ల గుర్రాలు మేలైనవి, వాళ్ల దగ్గర మంచి విలుకాళ్లున్నారు అన్న జవాబు వచ్చిందని ఫిరిష్తా తన చరిత్రలో రాశాడు. దేవరాయలు ముస్లిం విలుకాళ్లను కొలువులో చేర్చుకుని జాగీర్లిచ్చాడు, వాళ్ల కోసం మసీదు కట్టించాడు, సింహాసనం ఎదుట ఖురాన్ ఉంచాడు, తన హిందూ సైనికులకు వాళ్ల చేత విద్య నేర్పించాడు. ఫిరిష్తా కథనాన్ని ఎంతవరకు నమ్మాలన్నది పక్కన పెట్టినా, విషయం స్పష్టం: విల్లు కొనుక్కోవచ్చు, విలుకాడు మాత్రం పెరగాలి. నవలలో ముసలి విలుకాడు కుర్రవాడి భుజం సర్దుతూ, మళ్లీ లాగు, మళ్లీ లాగు అని సతాయించే సన్నివేశం దగ్గర ఆగి చదవండి. ఆ రాజ్యపు బలమంతా ఆ పేజీలోనే ఉంది.

బాణం లెక్క ఇంకా ఆసక్తికరం. ఇలాంటి లెక్కలు కాగితం మీద మీరే వేసుకోవడం ఈ నవలలు చదవడంలో నేను గట్టిగా సిఫార్సు చేసే అభ్యాసం. ఒక్కో బాణానికి మూడు ఈకలు, ఎక్కువగా బాతుజాతి గూస్ పక్షి రెక్కవి. వాటిని జిగురుతో అంటించి సన్నని దారం చుడతారు. అల్లెతాడు కూర్చునే గాడి చీలిపోకుండా బాణం కొసలో కొమ్ముముక్క దూరుస్తారు. కట్టకు 24 బాణాలు. 1417లో హెన్రీ ఒక్కో పక్షి రెక్కల నుంచి ఆరేసి ఈకలు తీసి లండన్‌కు పంపమని జిల్లా అధికారులకు తాఖీదులిచ్చాడు. అంటే ఒక పక్షికి రెండు బాణాలు, ఒక కట్టకు పన్నెండు పక్షులు. అజిన్‌కోర్ట్‌లో తక్కువలో తక్కువ ఐదువేల మంది విలుకాళ్లున్నారు. మనిషికి రెండు కట్టలనుకున్నా 2,40,000 బాణాలు, 7,20,000 ఈకలు, 1,20,000 పక్షులు. నిమిషానికి పది బాణాలు వేసే విలుకాడు ఆ రెండు కట్టలనూ ఐదు నిమిషాల్లోపే ఖాళీ చేస్తాడు. ఎన్నో ఊళ్ల పక్షులు, కమ్మరుల ములుకులు, ఆడవాళ్ల చేతి దారపు చుట్లు ఐదు నిమిషాల్లో ఆకాశంలోకి పోతాయి. ఈ లెక్క ఒక్కసారి వేసుకున్నవాడికి, బాణాలు వస్తున్నాయా అని నవలలో ఎవడో వెనక్కి తిరిగి అరిచే మాట గుండెల్లో దిగబడుతుంది. బాణాలు అయిపోయాక విలుకాళ్లు విళ్లు పక్కన పడేసి గొడ్డళ్లు, కత్తులు, తమ ముందు రక్షణ గూటాలు పాతిన సుత్తులతో బురదలోకి దిగడం ఎందుకో కూడా అప్పుడు వేరే వివరణ లేకుండా బోధపడుతుంది.

కూలి సంగతీ వదలొద్దు. 1415 దండయాత్రలో విలుకాడికి రోజుకు ఆరు పెన్నీలు. ఊళ్లో పనితనమున్న వడ్రంగి సంపాదనకన్నా అది కాస్త మెరుగే. మొదటి మూడు నెలల జీతం ముందే ఇచ్చారు. రెండో మూడు నెలలకు డబ్బు చాలక రాజు తన నగలనూ పాత్రలనూ నాయకుల దగ్గర హామీగా పెట్టాడు. జీతం లెక్కల కోసం రాసిన హాజరు పట్టీలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ కాలపు ఇంగ్లిష్ సైనికుల సేవా నమోదులు సుమారు రెండున్నర లక్షలు చరిత్రకారులు ఒకచోట చేర్చారు. షేక్స్‌పియర్ 1599 ప్రాంతంలో ఐదో హెన్రీ మీద రాసిన నాటకంలో విలుకాళ్ల ఊసు దాదాపు లేదు. రాజు మాటలే యుద్ధాన్ని గెలిచినట్టు ఉంటుంది. జీతం పట్టీలో ఒక్క గీతగా మిగిలిన మనిషిని మధ్యలో నిలబెట్టింది నవల. ఆర్థర్ కానన్ డాయిల్ 'ది వైట్ కంపెనీ'ని 1891లో వెలువరించాడు, షెర్లాక్ హోమ్స్ కథలకన్నా ఇలాంటి నవలలనే ఎక్కువ విలువైనవిగా ఎంచాడు. మన కాలంలో బెర్నార్డ్ కార్న్‌వెల్ 2000లో వచ్చిన 'హార్లెక్విన్' నుంచి 2008లో వచ్చిన 'అజిన్‌కోర్ట్' దాకా ఆ పనిని ముందుకు తీసుకెళ్లాడు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను 'అజిన్‌కోర్ట్' చెబుతాను. ఒక్క పుస్తకంలో పూర్తవుతుంది, నిక్ హుక్ అనే ఒక్క విలుకాడి వెంటే నడుస్తుంది.

ఎలా చదవాలన్నదానికి వస్తే, మొదటి సూచన చేత్తో పటం గీసుకోవడం. పుస్తకంలో అచ్చువేసిన పటం చాలదు. హార్‌ఫ్లర్, సోమ్ నది, అజిన్‌కోర్ట్, కలే అని నాలుగు చుక్కలు పెట్టి, సైన్యం రోజుకు ఎక్కడిదాకా నడిచిందో కథలో వచ్చినప్పుడల్లా గీత పొడిగించండి. ఎనిమిది రోజుల తిండి ఏ చుక్క దగ్గర అయిపోయిందో అక్కడ గుర్తు పెట్టండి. ఆ గుర్తు దాటాక వచ్చే ప్రతి సంభాషణలోనూ ఆకలి వినబడుతుంది. రెండోది, ఇంగ్లిష్‌లో చదివేవాళ్లు ప్రతి ఆయుధం పేరుకూ నిఘంటువు తెరవొద్దు. కవచం ధరించిన మనిషి బొమ్మ ఒకటి దగ్గర పెట్టుకుంటే పది పేజీల్లో ఆ పేర్లన్నీ వాటంతటవే చోటు వెతుక్కుంటాయి. మూడోది, విలువిద్య సాధన జరిగే చోటికి వెళ్లి ఒక గంట చూడండి. ఆసియా క్రీడల్లో పతకాలు తెచ్చిన జ్యోతి సురేఖ ఊరు విజయవాడ, తెలుగువాళ్లకు ఇది మరీ దూరపు విద్యేం కాదు. ఇప్పటి కాంపౌండ్ విల్లుకు కప్పీలుంటాయి, అది వేరే యంత్రం. అయినా పాదాలు ఎలా నిలుపుతారు, ఊపిరి ఎక్కడ బిగబడతారు, వదిలాక చెయ్యి ఎటు పోతుంది అన్నవి చూసి వస్తే, నవలలో ఆ కదలిక రాసిన వాక్యం కళ్లకు కట్టినట్టుంటుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం బలంగా వస్తుంది. నిజం కావాలంటే చరిత్రే చదవొచ్చు కదా, కల్పన కలిపిన ఈ మధ్యదారి ఎందుకు? న్యాయమైన ప్రశ్నే, నవలలు తప్పుదారి పట్టించడమూ వాస్తవమే. ఫ్రెంచివాళ్లు విలుకాళ్ల రెండు వేళ్లు నరికేస్తామని బెదిరించారనీ, గెలిచాక విలుకాళ్లు ఆ రెండు వేళ్లూ ఎత్తి చూపారనీ ఒక కథ తెగ తిరుగుతుంది. ఫ్రెంచివాళ్లు మూడు వేళ్లు నరుకుతారని హెన్రీ తన సైనికులను హెచ్చరించినట్టు ఆ కాలపు చరిత్రకారులు రాశారు గాని, వేళ్లెత్తి చూపిన ముచ్చటకు అప్పటి ఆధారం లేదు. బాణం ఉక్కు కవచాన్ని చీల్చుకుపోతుందని చాలా నవలలు రాస్తాయి. మేలైన ఉక్కుతో చేసిన ఛాతీ కవచం బరువైన విల్లు నుంచి వచ్చిన బాణాన్నీ ఆపుతుందని ఈమధ్య ప్రయోగాలు చేసినవాళ్లు చూపించారు. ఫ్రెంచి సైన్యం ఎంత అన్నదానిమీద చరిత్రకారులు ఇప్పటికీ వాదులాడుతున్నారు. పాత లెక్కల్లో ఫ్రెంచివాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ. చరిత్రకారిణి ఆన్ కరీ పాత జీతం పట్టీలు తవ్వి, తేడా అంత పెద్దది కాదని 2005లో తన పుస్తకంలో వాదించింది. ఇవన్నీ తెలిసీ నేను నవల చదవమంటాను. బాణం కవచాన్ని చీల్చలేకపోతే మరి యుద్ధం ఎలా గెలిచారన్న ప్రశ్న పుట్టేది అప్పుడే కదా. మీదికి వచ్చిన గుర్రాలకు బాణాలు తగిలి అవి బెదిరాయి. రెండు అడవుల మధ్య ఇరుకులో బరువైన కవచాలు తొడిగిన మనుషులు ఒకరినొకరు తోసుకుంటూ మోకాటిలోతు బురదలో కూరుకుపోయారు. తల వంచకపోతే ముఖాన బాణం, వంచితే దారి కనపడదు. విలుకాళ్ల ముందు మొన తేల్చిన గూటాలు పాతి ఉన్నాయి. ఈ కారణాలను చరిత్ర పుస్తకం విడివిడిగా చెబుతుంది, ఒక మనిషి మీద అవన్నీ ఒకేసారి వచ్చిపడటం ఎలా ఉంటుందో చూపించేది నవల. కార్న్‌వెల్ తన నవలల చివర చారిత్రక వివరణ ఇచ్చి, ఏది కల్పించాడో, ఏది మార్చాడో చెబుతాడు. దాన్ని చివరే చదవండి. కథ పట్టులో ఉన్నప్పుడు మీరు నమ్మిన మూడు విషయాలు ముందుగా ఒక కాగితం మీద రాసుకుని, ఆ వివరణతో పోల్చండి. ఎంత నమ్మామో, ఎందుకు నమ్మామో తెలుస్తుంది. చదివే తెలివికి ఇంతకన్నా మంచి సాము నాకు తెలియదు.

రెండో అభ్యంతరం దీనికన్నా బరువైనది. రక్తపాతాన్ని ఆనందంగా చదవడం మనసుకు మంచిదేనా? యుద్ధాన్ని ఆటలా చూపే పుస్తకాలు ఉన్నాయి, వాటిని నేను సమర్థించను. అయితే విలుకాడి పనిని నిజాయితీగా వెంబడించే నవల ఆ తప్పు చేయలేదు. ఎందుకంటే ఆ పనిలో సగం పల్లెలు తగలబెట్టడమే. ఇంగ్లిష్ సైన్యాలు నేరుగా యుద్ధానికి దిగినవి తక్కువసార్లు. ఎక్కువగా చేసింది పంటలూ ఇళ్లూ కాలుస్తూ నడవడం. 1355లో ఎడ్వర్డ్ యువరాజు బోర్డో నుంచి నార్బోన్ దాకా అలాగే బూడిద చేస్తూ వెళ్లాడు. 1346లో కాన్ పట్టణాన్ని దోచుకున్నారు. అజిన్‌కోర్ట్‌లో గెలుపు చేతికి వస్తున్న వేళ హెన్రీ ఖైదీలను చంపమని ఆజ్ఞ ఇచ్చాడు. మంచి రచయిత ఈ పనులన్నీ తన కథానాయకుడి చేతనే చేయిస్తాడు, తప్పించుకోనివ్వడు. అందుకే నేనొక కొలబద్ద చెబుతాను: పుస్తకంలో కాలిన పల్లెలో ఒక్క మనిషికైనా పేరూ మాటా ఉన్నాయా చూడండి. లేకపోతే ఆ పుస్తకం పక్కన పెట్టేయండి. ఉంటే, ఆ ఇంటివాళ్లు ఆ చలికాలం ఏం తిని ఉంటారన్న ప్రశ్నతో ఆ అధ్యాయం ముగించండి. ఈకల లెక్క వేసినంత శ్రద్ధగా ఆ గింజల లెక్కా వేయాలి. అలా చదివేవాడికి యుద్ధం మీద మోజు పెరగదని నా నమ్మకం.

మూడో అభ్యంతరం మన పాఠకుల్లో తరచుగా వినిపించేది: ఎక్కడో ఫ్రాన్స్ పొలాల్లో జరిగిన తగువుతో మనకేం పని? తెలుగు పాఠకుడు ఈ గడప ఎప్పుడో దాటాడు. తెన్నేటి సూరి 'ఛెంఘిజ్ ఖాన్' రాస్తే, గోబీ ఎడారి మంగోలుల కథను తరాలుగా సొంత కథలా చదువుకున్నాం. అందులో విలుకాళ్లు గుర్రం మీద ఉంటారు. కర్ర, కొమ్ము, నరాలు జిగురుతో అతికించిన పొట్టి విల్లు వాళ్లది, గుర్రం మెడ మీదుగా అటూ ఇటూ తిప్పడానికి వీలైనది. ఇంగ్లిష్ విలుకాడిది నేల మీద పాదాలు పాతుకుని లాగే నిలువెత్తు విల్లు. గడ్డిమైదానంలో గుర్రాల మీద బతికే జాతి ఒకలాంటి విల్లు చేసుకుంది, ఊరిబయట మైదానంలో పండుగపూట గురికొట్టే రైతుబిడ్డలు ఇంకోలాంటిది పట్టుకున్నారు. ఈ రెండు రకాల నవలలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, పనిముట్టు మనిషి బతుకులోంచి ఎలా వస్తుందో తెలుస్తుంది. కాలం కూడా మనకు అంత పరాయిది కాదు. అజిన్‌కోర్ట్ పొలంలో వాన పడుతున్న ఆ 1415లో కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి పాలన, ఆయన కొలువులో శ్రీనాథుడు విద్యాధికారి. అప్పటి మన కోటల కింద కాపలా కాసిన విలుకాళ్ల రోజుకూలి ఎంత, వాళ్ల బాణాలకు ఏ పక్షి ఈకలు కట్టేవాళ్లు అన్న ప్రశ్నలు ఈ పరాయి నవలలు చదివినవాడికి సహజంగా పుడతాయి. అడవి బాపిరాజు 'గోన గన్నారెడ్డి'నో నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి'నో ఆ ప్రశ్నలతో మళ్లీ తీస్తే, ఇదివరకు కంటికి ఆనని వాక్యాలు ఎన్నో కనబడతాయి.

తీరిక లేదు, పుస్తకం లావు అన్నవాళ్లకు చెప్పాల్సింది కొంచెమే. రోజుకు పదిహేను పేజీలు చాలు, కానీ వరసగా, దాటేయకుండా. యుద్ధపు అధ్యాయం వచ్చినప్పుడు మాత్రం ఒక్క బిగిన పూర్తి చేయండి. రచయిత అక్కడ ఊపిరి తిప్పుకోనివ్వకుండా రాసి ఉంటాడు, మధ్యలో ఆపితే ఆ పట్టు సడలిపోతుంది.

గెలుపు నవల ఒకటి పూర్తయ్యాక, తర్వాతి పుస్తకంగా ఇంగ్లిష్ విలుకాళ్లు ఓడిన కథ ఎంచుకోమని నా సలహా. 1429 జూన్ 18న పటే దగ్గర వాళ్లు గూటాలు పాతుకునే పనిలో ఉండగా ఒక దుప్పి వాళ్ల మధ్యలోకి దూకిందనీ, దాన్ని చూసి వాళ్లు వేసిన కేకతో దాపులకు వచ్చిన ఫ్రెంచి గుర్రపుదళానికి వాళ్ల చోటు తెలిసిపోయిందనీ ఆ కాలపు చరిత్రకారుడు రాశాడు. గూటాలు నిలిచేలోపే గుర్రాలు మీద పడ్డాయి. ఆ రోజూ అదే కర్ర, అవే భుజాలు, అదే చిన్ననాటి సాధన. కొరవడింది గూటాలు పాతేందుకు కాస్త వ్యవధి. ఆ తర్వాత 1453లో కాస్టియోన్ దగ్గర ఫ్రెంచి ఫిరంగులు ఇంగ్లండు, ఫ్రాన్స్‌ల మధ్య సాగిన వందేళ్ల యుద్ధాన్ని ముగించాయి. ఆ కథ ఉన్న నవల దొరికితే, ఈ అధ్యాయంలో విల్లును అడిగిన ప్రశ్నలే ఫిరంగినీ అడగండి: గొట్టం ఎవరు పోతపోశారు, మందు ఎక్కడి నుంచి వచ్చింది, ఎద్దుల బండి ఎవరు తోలారు, వాళ్లకు రోజుకు ఎంత ఇచ్చారు.